బాగా పాడేవాళ్ళతోనే ఎందుకు పాడిస్తాం?

ఫిబ్రవరి రాగానే మన హైస్కూళ్ళలో ఒక హడావుడి మొదలవుతుంది. హెచ్‌ఎం గారు స్టాఫ్ మీటింగ్ పెట్టి "యానివర్సరీ ప్రోగ్రాములు ఎవరు చూసుకుంటారు?" అంటారు. అందరి తలలూ తెలుగు టీచరు వైపు తిరుగుతాయి. తెలుగు టీచరు క్లాసు క్లాసుకీ వెళ్ళి "బాగా పాడేవాళ్ళు చేతులెత్తండి" అంటుంది. లేచే చేతులు ఎవరివో ముందే తెలుసు. ఆరో తరగతి నుంచీ ఆ నలుగురే. ప్రార్థన వాళ్ళదే, స్వాగత గీతం వాళ్ళదే, దేశభక్తి గీతం వాళ్ళదే. మిగతా బడి అంతా కింద కూర్చుని చప్పట్లు కొడుతుంది. పదిరోజులు పెన్‌డ్రైవ్‌లో ట్రాకులు, అద్దె డ్రెస్సులు, మేకప్ ఆయనకి అడ్వాన్సు. ఆ రాత్రితో సరి. మళ్ళీ ఫిబ్రవరి దాకా బడిలో పాట ఊసుండదు.

నేను తిరుపతి అంచున ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పోయిన విద్యా సంవత్సరం జూన్‌లో ఈ పద్ధతి పక్కన పెట్టేశాం. వారానికి ఒక సాయంత్రం బృందగానం, ఒక సాయంత్రం నాటిక. చేతులెత్తమని అడగలేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఎవరున్నా సరే, అందరూ పాడాలి, అందరూ ఆడాలి. ఏడాది నడిచాక నా అభిప్రాయం ఒకటి గట్టిపడింది. డబ్బు లేదు, సంగీతం టీచరు లేడు, స్టేజీ లేదు అని మనం చెప్పుకునే కారణాలన్నీ నిజమే. కానీ బడిలో పాటనీ నాటకాన్నీ చంపేస్తున్నది వాటికంటే ముందు సెలక్షనే.

లెక్కలు రానివాణ్ణి లెక్కల క్లాసు నుంచి బయటికి పంపం. రావు గనకే ముందు బెంచీలో కూర్చోబెట్టి మరీ చెప్తాం. పాట రానివాణ్ణి మాత్రం మొదటిరోజే "నువ్వు వద్దులే నాయనా" అని పంపించేస్తాం. వాడు మళ్ళీ నోరు విప్పడు. నలభై ఏళ్ళొచ్చాక భజనలో ఓ మూల కూర్చుని "నాకు పాట రాదండీ" అంటాడు. రాదని వాడికెవరు చెప్పారు? ఏ ఆరో తరగతిలోనో మా లాంటి టీచరే చెప్పింది.

నిజానికి మన పిల్లలు రోజూ పాడుతూనే ఉన్నారు. పొద్దున అసెంబ్లీలో వందేమాతరం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ, చివర జనగణమన. రాష్ట్రంలో ఇంతమంది కలిసి ఇన్ని రోజులు పాడే పాట ఇంకోటి లేదు. అయినా దాన్ని పాటగా ఎవరూ వినరు. సగం మంది గొణుగుతారు, కొందరు అరుస్తారు, పీఈటీ సార్ లైన్లు చూస్తారు. అందుకే జూన్‌లో మేము కొత్త పాట ఏదీ ఎత్తుకోలేదు. ఉన్నవాటితోనే మొదలుపెట్టాం.

జనగణమనకి స్వరాలు రాసిపెట్టింది మన మదనపల్లెలో అంటే మా పిల్లలు నమ్మలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్నాళ్ళున్నారు. అక్కడి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం చదువుకున్న మనిషి. ఠాగూర్ నోట విన్న పాటకి ఆమె స్వరాలు రాసింది. ఆ పాటకి ఠాగూర్ ఇంగ్లీషు అనువాదం రాసుకున్నదీ ఆ రోజుల్లోనే, అక్కడే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా మదనపల్లె మన చిత్తూరు జిల్లాలోదే. ఇక మా తెలుగు తల్లికి రాసిన శంకరంబాడి సుందరాచారి తిరుపతి మనిషే. ఊళ్ళో ఆయన విగ్రహం కూడా ఉంది. అంటే మా పిల్లలు రోజూ పొద్దున పాడేవాటిలో రెండు, బస్సు టికెట్ దూరంలోని సంగతులు.

ఈ కథ చెప్పిన మర్నాడు అసెంబ్లీలో పాట మారిపోయిందని రాయాలని ఉంది గానీ, మారలేదు. మారింది శ్రుతి, అంటే అందరూ పట్టుకోవాల్సిన ఆధార స్వరం, పెట్టాక. అంతకుముందు ఎత్తుకునే అమ్మాయి ఏరోజుకారోజు తనకి తోచిన ఎత్తులో ఎత్తుకునేది. హుషారుగా ఉన్నరోజు 'జయహే' దగ్గరికొచ్చేసరికి సగం గొంతులు అందక రాలిపోయేవి. ఫోన్‌లో తంబురా యాప్ మైకు దగ్గర పెట్టి, పాటకి ముందు అర నిమిషం అందరూ నోరు మూసి 'మ్' అనాలని నియమం పెట్టాం. ఖర్చు సున్నా. రాలిపోవడం సగానికి సగం తగ్గింది.

అసలు సంగతి తొమ్మిదో తరగతి మగపిల్లలది. పదమూడు, పద్నాలుగేళ్ళకి వాళ్ళ స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడుగై మందమవుతాయి. గొంతు సుమారు ఒక స్థాయి, అంటే పై 'స' నుంచి కింది 'స' దాకా ఉన్నంత దూరం, కిందికి దిగిపోతుంది. ఒక్కరోజులో దిగదు. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఈలోపు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి గొంతు కీచుమంటుంది. క్లాసంతా నవ్వుతుంది. "నేను రాను మేడం, నా గొంతు పగిలిపోయిండాది" అని మొదటి వారమే ఒకడు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడి వెనక ఇంకో పదిమంది.

వీళ్ళలో చాలామంది ఏడో తరగతి దాకా బాగా పాడినవాళ్ళే. సెలక్షన్ పద్ధతిలో ఆ ఏడాది వాళ్ళని పక్కన పెడతాం. గొంతు కుదుటపడ్డాక తిరిగి రమ్మని ఎవరూ పిలవరు. పిలిచేసరికి వాళ్ళు పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో ఉంటారు. మీకు తెలిసిన ఏ బడి పాటల బృందమైనా గుర్తు తెచ్చుకోండి. పదిమంది ఆడపిల్లలు, మధ్యలో గొంతు ఇంకా మారని ఒక చిన్న పిల్లాడు. మగపిల్లలకి పాట మీద ఆసక్తి ఉండదండీ అని మనం తేల్చేస్తాం. వాళ్ళకి ఆసక్తి లేకపోవడం కాదు, వాళ్ళ గొంతు పట్టే చోటు మన పాటలో లేదు.

ఆ చోటు చూపించింది మా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి. ఊళ్ళోనే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదువుకుంది. సంగీతం పాఠాల్లో ఆడపిల్లలకి ఐదు, ఐదున్నర శ్రుతి, మగవాళ్ళకి ఒకటి, ఒకటిన్నర అని అలవాటు, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. అందరూ కలిసి పాడాలంటే రెండూ కుదరవు. నాలుగు శ్రుతి పెట్టమంది. అందులో ఆడపిల్లలు, గొంతు మారని పిల్లలు మధ్య షడ్జం (స) నుంచి పైన ధైవతం (ద) దాకా కష్టం లేకుండా పాడతారు. కాబట్టి ఆ హద్దు దాటని పాటలే తీసుకోవాలి. గొంతు మారుతున్నవాళ్ళకి రెండే స్వరాలు ఇచ్చింది. ఆడపిల్లల షడ్జానికి ఒక స్థాయి కింద ఉన్న షడ్జం, దాని మీది పంచమం (ప). ఆ వయసు గొంతు పగలకుండా నిలబడగలిగేది ఇంచుమించు ఆ మేర లోపలే. పైన పాట నడుస్తున్నంతసేపూ కింద వీళ్ళు ఆ రెండింటినీ పట్టి ఉంచాలి.

రెండు స్వరాలే గదా అని చులకనగా వచ్చారు. వచ్చాక తెలిసింది. పక్కన వందమంది ఒక వరస పాడుతుంటే దానిలోకి జారిపోకుండా తన స్వరం మీద నిలబడటం పెద్దవాళ్ళకే కష్టం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే పంచుకోవాలి, లేకపోతే అందరూ ఒక్కసారే ఆగి పాట కింద గొయ్యి పడుతుంది. వాళ్ళలో వాళ్ళే వంతులేసుకున్నారు. దసరా సెలవుల తర్వాత ఒక సాయంత్రం అది కుదిరింది. కింది నుంచి ఆ బొంగురు గొంతులన్నీ ఒక్కటై లేచేసరికి ఆడపిల్లలు పాడటం మానేసి వెనక్కి తిరిగి చూశారు. నన్నడిగితే మా ఏడాదిలో పెద్ద రోజు అదే. వార్షికోత్సవం రోజు కాదు.

ఇలా వేరే వేరే స్వరాలు ఒకేసారి పాడటం మన పద్ధతి కాదు, చర్చి పాట అని స్టాఫ్‌రూమ్‌లో ఒక సార్ అన్నారు. నిజమే, మా పిల్లల్లో స్వరం పట్టి నిలబడటంలో అందరికంటే ముందున్నది ఆదివారం చర్చిలో పాడేవాళ్ళే. వాళ్ళకి వచ్చింది మిగతావాళ్ళు నేర్చుకున్నారు. అందులో తప్పేముందో ఆయన చెప్పలేదు. పైగా మన భాషల పాటల్ని ఇలా పాడించవచ్చని చేసి చూపించిన ఎం.బి. శ్రీనివాసన్ పుట్టింది 1925లో, మన చిత్తూరులో. మలయాళ సినిమాలకి సంగీతం చేసిన ఆయన మద్రాస్ యూత్ కోయిర్ పెట్టి, వృత్తి గాయకులు కాని మామూలు కుర్రాళ్ళతో రకరకాల భారతీయ భాషల్లో బృందగానాలు పాడించారు. చిత్తూరు అంటే నాగయ్యగారిని తలుచుకుంటాం, మంచిదే. ఈయన్ని కూడా ఒకసారి తలుచుకోవచ్చు.

చర్చి దాకా కూడా అక్కర్లేదు. మా పిల్లల్లో పల్లెల నుంచి వచ్చేవాళ్ళకి చెక్కభజన తెలుసు. గురువు చరణం అందుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చేతిలో చెక్కలు మోగిస్తూ, అడుగులేస్తూ తిరిగి అందుకుంటారు. అందులో సెలక్షన్ ఉండదు. ఊళ్ళో ఉన్నావా, కాళ్ళు చేతులు ఆడతాయా, వచ్చి గుండ్రంలో నిలబడు. పాట రానివాడు అడుగుతో మొదలుపెడతాడు, అడుగు కుదిరేలోపు పాట నోటికి వచ్చేస్తుంది. మా ఎనిమిదో తరగతి పిల్లాడి తాత ఒకాయన చెక్కభజన గురువు. పిలిస్తే సంచిలో చెక్కలేసుకుని వచ్చాడు. "గొంతు సంగతి నాకొదిలేయమ్మా, ముందు కాలు కదలనీ" అన్నాడు. రెండు వారాలు పిల్లలతో అడుగులే వేయించాడు, ఒక్క ముక్క పాడించలేదు. పెడగాజీ, అంటే బోధనా పద్ధతి, అని మనం ట్రైనింగుల్లో చెప్పించుకునేది ఇలాంటిదేనేమో.

ఇప్పుడు మార్కుల సంగతి. ఇలాంటి వ్యాసాల్లో ఈపాటికి "సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయి, నాటకం వేస్తే ఇంగ్లీషు మెరుగుపడుతుంది" అనే వాక్యం రావాలి. నేను ఆ వాదన చెయ్యను. అలా వాదించామంటే పాటని లెక్కలకి పనిమనిషిని చేసినట్టు. రేపు ఎవరో వచ్చి పాడకుండా కూడా లెక్కలు వస్తాయి చూడండి అంటే మన దగ్గర జవాబుండదు. పిల్లలు బడిలో పాడాలి, ఎందుకంటే పాట మనిషికి ఉండాల్సినవాటిలో ఒకటి. చదవడం, ఈదడం, వంట చెయ్యడం నేర్పడానికి ఏ కారణం చాలునో దీనికీ అదే చాలు.

కాగితం మీద మనవాళ్ళు ఈ మాట ఎప్పుడో ఒప్పుకున్నారు. 2005 జాతీయ విద్యాప్రణాళికా చట్రం కళల్ని పాఠ్యాంశంగానే చూడమంది. 2020 జాతీయ విద్యా విధానం పాఠ్యాంశాలు వేరు, సహపాఠ్యాలు వేరు అనే గోడ వద్దంది. మన ప్రోగ్రెస్ రిజిస్టర్లో కళలు, సాంస్కృతిక విద్య అని ఒక గడి ఉండనే ఉంది. ఆ గడి ఎలా నిండుతుందో టీచర్లకి చెప్పక్కర్లేదు. తెలుగులో మంచి మార్కులొచ్చిన పిల్లకి పాటలోనూ మంచి గ్రేడే. ఏడాదంతా ఒక్క పీరియడ్ కూడా జరగని సబ్జెక్టులో బడి బడంతా పాసయ్యే విచిత్రం అది.

ఇక నాటిక.

మన బళ్ళలో ఆడేవాటిని నాటికలనడానికి నాకు మనసొప్పదు. ప్లాస్టిక్ వాడకండి, బాల్యవివాహాలు చెయ్యకండి, ఫోన్ ఎక్కువ చూడకండి. ఒక తాగుబోతు తండ్రి, ఏడ్చే తల్లి, చివర్లో టీచరు వేషం వేసిన పాప మైకు ముందుకొచ్చి ప్రేక్షకులకి చెప్పే నాలుగు మంచిమాటలు. తాగుబోతు వేసిన పిల్లాడు తూలుతుంటే అందరూ నవ్వుతారు. వాళ్ళ నాన్న నిజంగా తాగొచ్చే ఇంట్లో ఆ నవ్వు ఎలా వినపడుతుందో మనం ఆలోచించం. గోడ మీద రాసే నినాదానికి కాళ్ళూ చేతులూ వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయవి. నాటకంలో ఒక మనిషికి ఏదో ఒకటి కావాలి, దానికి ఏదో అడ్డం రావాలి. అది లేకుండా సందేశం ఒక్కటే ఉంటే అసెంబ్లీలో చదివేస్తే పోయేదానికి మేకప్ దండగ.

మన ప్రాంతపు పిల్లలకి ఇది కొత్తగా చెప్పాల్సిన పని కూడా లేదు. ధర్మరాజుల గుడి ఉన్న పల్లెల్లో వేసవి వస్తే భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరిరోజు నేల మీద మట్టితో పరిచిన అంత పెద్ద దుర్యోధనుణ్ణి భీముడు చంపడం, ఆ సాయంత్రం అగ్నిగుండం. ఊరు ఊరంతా ఆ కథలో ఉంటుంది. మా క్లాసులో ఒక పాప, నాటకం అంటే ఏమిటని అడిగితే, "మట్టి దుర్యోధనుడు చచ్చిపోయినాక వాళ్ళమ్మ వేషమాయన వచ్చి ఏడస్తాడు కదా మేడం, అది" అంది. ఎంత చెడ్డవాడైనా వాడికోసం ఏడ్చేవాళ్ళు ఒకరుండాలని ఆ పిల్లకి ఎవరూ పాఠంలో చెప్పలేదు.

మేము ఏదీ రాసివ్వలేదు. మీకు బాగా తెలిసిన చోటు ఒకటి చెప్పండి అన్నాం. తిరుపతి పిల్లలు గదా, వాళ్ళ నాన్నలు ఆటో తోలుతారు, లాడ్జీల్లో పనిచేస్తారు, అమ్మలు పూలు కడతారు, సత్రాల్లో ఊడుస్తారు. కొండ మీది సంగతులు మనకంటే వాళ్ళకే తెలుసు. చివరికి తేలిన కథ ఇది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం కొండ మీద జనంలో పిల్లాణ్ణి పోగొట్టుకుంటుంది. పిల్లాడు అనౌన్స్‌మెంట్ చేసే గదికి చేరతాడు. తండ్రి పరుగెత్తుకుంటూ వస్తాడు. పిల్లాడు ఆయన్ని చూసి "ఈయన మా నాన్న కాదు, మా నాన్నకి జుట్టుంది" అంటాడు. తండ్రి ఈలోపు కళ్యాణకట్టలో గుండు చేయించుకున్నాడు మరి. పక్కన నిలబడ్డవాళ్ళందరికీ గుండ్లే, అందరి నెత్తినా గంధమే. ఆ గదిలో ఉన్న శ్రీవారి సేవకుడికి ఎవరిని నమ్మాలో తెలియదు. తండ్రి తానే తండ్రినని నిరూపించుకోవాలి. నవ్వొస్తుంది, నవ్వుతూ ఉండగానే గొంతు పట్టేస్తుంది. ఇందులో సందేశం ఏమిటని మా హెచ్‌ఎం గారు అడిగారు. పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి సార్ అన్నాను. తృప్తి పడ్డారు.

పాట ఇక్కడ నాటకంలో కలిసింది. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చే కొండ మీది అనౌన్స్‌మెంట్లు మొత్తం బృందమే పలికింది. క్యూలో విసుగు, పక్కవాళ్ళ తోపులాట, ఉన్నట్టుండి గేటు తెరవగానే లేచే గోవింద నామం, అంతా గొంతులతోనే. గొంతు మారిన పిల్లల కింది షడ్జం మీద ఆ గోవింద నిలబడింది. స్పీకర్లో ఏ ట్రాకూ పెట్టలేదు.

వేషాలకి చీట్లు వేశాం. ఒక్కో పాత్ర ముగ్గురు నలుగురు నేర్చుకున్నారు, నెల నెలా మారారు. బాగా ఆడనివాళ్ళలో కొందరు చివరిదాకా అలాగే మిగిలారు, దాన్ని దాచేదేం లేదు. కానీ తండ్రి పాత్ర నలుగురు చేస్తే నలుగురు తండ్రులు కనపడ్డారు. ఒకడు అరిచాడు, ఒకడు బతిమాలాడు, ఒకడు పిల్లాడికి ఇంట్లో కోడిపిల్ల పేరు చెప్పి గుర్తుచేశాడు. ఆ కోడిపిల్ల మాట నాటికలో ఉండిపోయింది. ఒక్కణ్ణే సెలక్ట్ చేసి ఉంటే అది మాకు దొరికేది కాదు.

తల్లి పాత్ర చీటీ ఒక నెల మగపిల్లాడికి వచ్చింది. వాళ్ళ నాన్న బడికొచ్చాడు. "మగపిల్లోడికి చీర కట్టిస్తారా మేడం?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆయన తాతయ్యగుంట గంగమ్మ భక్తుడు. ప్రతి మే నెలా జాతరలో మొక్కు తీర్చుకునే మనిషి. తిరుపతిలో ఆ వారం ఏం జరుగుతుందో తెలిసిందే. పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ మారువేషాలు వేసిందని ఊరంతా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం కడుతుంది. మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, జడేసి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. "అన్నా, నువ్వు కట్టే వేషం అమ్మకి, వీడు కట్టేది బడికి, అంతే తేడా" అని మా అటెండర్ అన్నాడు. ఆయన నవ్వేసి, చీర కట్టు సరిగ్గా రావాలంటే ఇంటికి పంపండి, మా ఆవిడ నేర్పిస్తుంది అని చెప్పి వెళ్ళాడు. తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు ఆడవేషాలతోనే 1956లో పద్మశ్రీ దాకా వెళ్ళారని నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం అలాగే మిగిలిపోయింది.

నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టింది వేరే తల్లి. వాళ్ళమ్మాయి ఆ నలుగురిలో ఒకతె. అద్భుతంగా పాడుతుంది. "మా పాపకి మైకియ్యకుండా గుంపులో నిలబెడితే ఎట్ట మేడం? మాకుండేది ఆ ఒక్క ఆశే" అంది. ఇది తీసిపారేసే మాట కాదు. 2015 నుంచి కేంద్రం కళా ఉత్సవ్ పోటీలు పెడుతోంది. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకి వేరే విభాగమే ఉంది. ప్రతిభ ఉన్న పిల్లకి అలాంటి దారులు కావాలి. ఆ అమ్మాయిని ఊళ్ళో సంగీత కళాశాల సాయంత్రం క్లాసుల గురించి కనుక్కోమని పంపాను, పోటీలకి పేరు ఇచ్చాను. అయినా బృందంలో మాత్రం ఆమె అందరితోనే నిలబడింది. పోటీ ఒకరిద్దరిని ఇంకా పైకి తీసుకెళ్ళడానికి పనికొస్తుంది. బడి పని అది కాదు, మిగతావాళ్ళందరి చేతా పాడించడం. ఈ జవాబు ఆ తల్లికి సరిపోలేదు, ఇప్పటికీ సరిపోలేదు. అమ్మాయి మాత్రం కింది స్వరం పట్టలేని పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని నేర్పడం మొదలుపెట్టింది. అది నేను చెప్పింది కాదు.

నవంబర్, డిసెంబర్‌లలో వానలు సగం సాయంత్రాలు తినేశాయి. తుపాను హెచ్చరిక అంటే సెలవు, సెలవు లేకపోతే బస్సు దొరకదని తల్లుల ఫోన్లు. జనవరిలో పండక్కి పల్లెలకి వెళ్ళిన పిల్లలు పాటలన్నీ మరిచిపోయి వచ్చారు. సాయంత్రం బడి వదిలాక పెట్టుకుంటే ఇంతే. దూరం నుంచి వచ్చే ఆడపిల్లలు, ఇంటికెళ్ళి పూలు కట్టాల్సినవాళ్ళు ముందు మానేస్తారు. అందరికీ అని పెట్టినది చివరికి దగ్గర ఇళ్ళవాళ్ళకే మిగులుతుంది. అది ఇంకో రకం సెలక్షన్.

ఫిబ్రవరిలో ఆడాం. రెండు చోట్ల మైకు పోయింది, సేవకుడు ఒక పేజీ దాటేశాడు, పిల్లాడి పాత్రధారి దాన్ని సర్దేశాడు. గుండు మాట దగ్గర జనం పడీ పడీ నవ్వారు. తర్వాత వేదిక మీదికి వచ్చిన అతిథి ఒకాయన పిల్లల్ని బాగా మెచ్చుకుని, చివర్లో "భాష కొంచెం సరిదిద్ది ఉంటే బాగుండేది" అన్నారు. 'యాడుండాడు', 'పోయినాడంట', 'ఎట్ట చెప్పేది' లాంటివి ఆయనకి నచ్చలేదు. నాకు అభ్యంతరం ఆయన చెవి మీద కాదు. మన పిల్లలు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి, స్టేజీ ఎక్కగానే టీవీ వార్తల తెలుగులోకి మారిపోవడం మనకి సహజంగా కనిపిస్తోంది. అలా మారగానే వాళ్ళ చేతులు బిగుసుకుపోతాయి, చూపు గాల్లోకి పోతుంది, అప్పజెప్పడం మొదలవుతుంది. జూన్‌లో మా రిహార్సళ్ళు అలాగే ఉండేవి. "మీ నాయనతో ఎట్ట మాట్లాడతావో అట్ట మాట్లాడు" అన్నాకే చేతులు కదిలాయి. శ్రీకాకుళం తండ్రి పాత్రకి ఆ వైపు నుంచి పనికి వచ్చిన ఒక కుటుంబం పిల్లాడి దగ్గర మిగతావాళ్ళు యాస నేర్చుకున్నారు. అంతకుముందు వాడి మాటకి నవ్వేవాళ్ళు, ఆ నెలంతా వాడి వెనక తిరిగారు.

మార్చి పదో తరగతి పరీక్షలది, దాని గురించి చెప్పడానికేం లేదు. ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు. మధ్యాహ్న భోజనం అయ్యాక కొందరు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వరండాలో చేరి పాడుకుంటున్నారని వంట అక్కలు చెప్పారు.

ఈ జూన్‌కి నేను అడుగుతున్నవి రెండే. సాయంత్రాలు వద్దు, టైంటేబుల్లో పీరియడ్లు కావాలి. ఆరు, ఏడు తరగతుల్ని కూడా కలపాలి, ఎందుకంటే గొంతు మారకముందే మొదలుపెట్టిన పిల్లాడు మారేటప్పుడు మానెయ్యడు. హెచ్‌ఎం గారు శనివారం ఆఖరి పీరియడ్ ఇస్తామన్నారు. రెండోది లైబ్రరీ పీరియడ్ అడిగాను. అది సిలబస్ కాలేదని హిందీ మేడం ఎప్పుడో తీసేసుకున్నారట. బడి తెరిచేలోపు ఆమెతో మాట్లాడాలి.